అల్ ఖోర్ పందెంలో మా వంజరం

చేపలతో నా పరిచయం అంతవరకు పళ్ళెం దాకానే. అలాంటి నన్ను వేట పందేనికి పంపింది మా మేనేజరు నడుం నొప్పి. పిల్లల ఆసుపత్రికి విరాళాలు పోగు చేయడానికి ఖతర్‌లోని అల్ ఖోర్ రేవులో జరిగే చేపల పందేనికి కంపెనీ రుసుము కట్టేసింది; వెళ్ళడానికి మనిషి మాత్రం లేడు. గురువారం సాయంత్రం అకౌంట్స్ నుంచి నన్ను, క్యాంపు మెస్ నుంచి వంటమనిషి యాదగిరిని ఎంపిక చేశారు. ఎంపిక అన్నది మర్యాద కోసం వాడిన మాట.

శుక్రవారం ఉదయం నాలుగున్నరకు అల్ దోహా అల్ జదీదాలో మా గది కింద కంపెనీ వ్యాను ఆగింది. సొంతంగా వెళ్ళేవారు ముషైరిబ్ దగ్గర టాక్సీని నలుగురు పంచుకుంటే మనిషికి పది రియాళ్ళలో తేలిపోతుంది. జగిత్యాల పక్క పల్లెటూరి యాదగిరి అప్పటికే వెనక సీట్లో ఉన్నాడు, ఒళ్ళో పోపుల డబ్బాతో.

“సార్, కెమెరా తెచ్చినవా?”

“తెచ్చాను.”

“రీలున్నదా?”

“ఉంది. ఎందుకూ?”

“చేప పట్టుకొని ఒక్క ఫోటో దిగాలె. ఆరేండ్లాయె, ఇంటికి పంపిన ఫోటోలన్నిట్ల చేతిల గరిటెనే. మా పోరి రాసింది సార్, ‘నాయినా, దుబాయ్‌ల నీకు ఇంకోటి చేతికియ్యరా?’ అని.”

ఖతర్‌ను దుబాయ్ అనడం మీద నాకున్న అభ్యంతరాన్ని వాయిదా వేశాను.

ఐదున్నరకు అల్ ఖోర్ చేరాం. రేవు పక్క హోటల్లో పరోటా, చాయ్ ఇద్దరికీ కలిపి మూడు రియాళ్ళు. మెడలో ఈల వేసుకున్న పొడుగాటి తెల్లదొర ఒకాయన తూకం అధికారి. పదిన్నరకల్లా పడవలు తిరిగి రావాలి, జుమా నమాజుకు ముందే తూకం ముగుస్తుంది, బరువైన చేపలను వేలం వేసి డబ్బు ఆసుపత్రికిస్తారు అని చెప్పాడు. ఉప్పునీటికి భయపడి కెమెరాను వ్యానులోనే ఉంచాను.

మా పడవ నడిపే సరంగు కుంజుమోన్ అనే మలయాళీ. పడవ కదిలిన అరగంటకు సముద్రానికీ నాకూ అభిప్రాయభేదాలొచ్చాయి. ఆ చర్చలో పరోటా బయటపడింది. ఎనిమిదింటికి యాదగిరి చేతిలో గాలం తాడు బిగిసింది. ఇద్దరం కలిసి లాగామని రాయాలని ఉంది. నేను పడవ అడుగున పడుకుని నైతిక మద్దతు ఇచ్చాను.

“బారా కిలో! ఫస్ట్ ప్రైజ్!” అని అరిచాడు కుంజుమోన్.

నిగనిగలాడే పన్నెండు కిలోల వంజరం. “మంచిగ తూకం కాడ నిలవడి దిగుత సార్!” అన్నాడు యాదగిరి. తృప్తిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రేవు కనిపిస్తోంది. యాదగిరి తువ్వాలుతో కత్తి తుడుస్తున్నాడు. ఐసు పెట్టెలో వంజరం గుండ్రని ముక్కలై, పెళ్ళి వంటకు సిద్ధం చేసినంత పొందికగా ఉంది.

“యాదగిరీ! ఏంటిది?”

“ఎండ దంచుతుంది సార్. ఐసు కరిగింది. పాడైతదని శుభ్రం జేసిన...” అంటూనే అతని మొహం మారిపోయింది. “అయ్యో, నా ఫోటో!”

ముందుకు చూస్తూ పడవ నడుపుతున్న కుంజుమోన్ వెనక్కి తిరిగి మలయాళంలో చాలాసేపు మాట్లాడాడు. ఆ భాష రాకపోయినా నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాకపోలేదు.

రేవులో దొర పెట్టెలోకి తొంగిచూశాడు. “చేప ఏది?”

“ఉన్నదంతా చేపేనండీ” అన్నాను.

“ముక్కలను తూచే నియమం లేదు” అని ఈల ఊదాడు.

మొదటి బహుమతి తొమ్మిది కిలోల చేపకు వచ్చింది. ఎవరో దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటో దిగుతుంటే యాదగిరి అటు వీపు తిప్పి పెట్టె మీద కూర్చున్నాడు. “వాపస్ పోదాం సార్.”

“రోనా బస్. పకావ్!” అని కుంజుమోన్ అతని భుజం పట్టి లేపాడు. ఏడుపు ఆపి వండమని. పొద్దున మేము తిన్న హోటలు కుంజుమోన్ బావమరిదిదేనట. పెద్ద గిన్నె, పొయ్యి, చింతపండు దొరికాయి. పోపుల డబ్బా మూత తీశాక యాదగిరి మళ్ళీ మాట్లాడలేదు, మెంతులు మాడకుండా చూడమని నన్ను తిట్టడం తప్ప.

నమాజు ముగిసి జనం బయటికొచ్చేసరికి పులుసు వాసన రోడ్డు దాటేసింది. బల్ల మీద ఆసుపత్రి విరాళాల పెట్టె పెట్టాం: తోచింది వెయ్యండి, ముక్క తినండి. వరుస రేవు దాకా సాగింది. ఇదేమిటో తనిఖీ చేయడానికి వచ్చిన దొర తనిఖీలో భాగంగా రెండు ముక్కలు తిన్నాడు. తరువాత వెనకవాళ్ళు తోసుకోవడం చూసి ఆయన ప్రాణం ఒప్పలేదు. “మనిషికి ఒక్కటే!” అని ఈల ఊది, యాదగిరి చేతిలోంచి గరిటె లాక్కుని గిన్నె దగ్గర తానే నిలబడ్డాడు.

ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచక యాదగిరి నిండిపోయిన విరాళాల పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. నేను వ్యానుకేసి పరిగెత్తాను. కెమెరాతో వచ్చి నొక్కేదాకా అతను అలాగే ఉన్నాడు.

మూడింటికి తిరుగు ప్రయాణం. అల్ ఖోర్ వెళ్ళేవారికి నా సలహా: సముద్రం బాగుంటుంది, ఒడ్డు నుంచి. వెంట ఒక నిమ్మకాయ, ఒక యాదగిరి ఉండాలి. దారంతా అతను తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

“ఫోటోల గరిటె ఎవని చేతిల వడ్డది సార్?”

“దొర చేతిలో.”

“ఇగ మా పోరి ఊరంత జెప్తది సూడు, మా నాయిన కింద ఒక తెల్లదొర పనికి కుదిరిండని!”

ఆ మాట నిజానికి మరీ దూరమేమీ కాదు కాబట్టి నేను సవరించలేదు.