రెండు ముద్దల చలిమిడి

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను మిడ్‌వైఫుగా పనిచేసిన మనిషిని. కాన్పులో పోయిన ఆడవాళ్ళను నా చేతులతోనే కడిగి, చీర కట్టి, బొట్టు పెట్టి సాగనంపాను. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించింది లేదు. చింతచెట్టు మీద ఏదో కనబడిందని ఎవరైనా వణుకుతూ వస్తే ముందు జ్వరం చూసి, తర్వాత చీవాట్లు పెట్టేదాన్ని.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనను. మరేమనాలో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది బాపట్ల. నాన్నకు సైకిళ్ళు బాగుచేసే షాపు ఉండేది. గుంటూరులో ట్రైనింగు పూర్తయి, రేపల్లెలో ఉద్యోగం వచ్చేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. పురుళ్ళు పోసే పిల్లను కోడలిగా ఎవరు తెచ్చుకుంటారని చుట్టాలు మూతులు తిప్పుకుంటుండగా రేపల్లెలోనే ఒక సంబంధం వచ్చింది. ఆయన రైస్ మిల్లులో ఇంజను చూసేవారు. మొదటి భార్య సీతారత్నం పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మా ఇద్దరే. మనిషి నెమ్మదస్తుడు. నాకు నచ్చారు, చేసుకున్నాను. ఇది అరవైల నడిమి మాట.

పెళ్ళిలో మంగళసూత్రాలతో పాటు నా మెడలో సవతి బిళ్ళ కూడా కట్టారు. రెండో పెళ్ళాంగా వచ్చినవాళ్ళు అది వేసుకోవడం ఆచారం. ఆడమనిషి బొమ్మ ఉన్న చిన్న బంగారు బిళ్ళ, పోయిన మొదటి భార్యకు గుర్తు. పండగొస్తే ముందు దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఆ తర్వాతే మనం కొత్త చీర కట్టుకోవాలి. నాకదంతా చాదస్తంగా అనిపించినా అత్తగారి మాట తీసెయ్యలేక వేసుకున్నాను.

సీతారత్నం ఎలా పోయిందో నాకు ఒకేసారి ఎవరూ చెప్పలేదు. అక్కడో మాటా ఇక్కడో మాటా విని తెలుసుకున్నాను. తల్లి లేని పిల్ల. మూడో నెల పడినా సిగ్గుకొద్దీ ఎవరికీ చెప్పుకోలేదట. రక్తం కనబడినా చెప్పలేదట. అత్తగారు పసిగట్టేసరికే ఆలస్యమైపోయింది. తెనాలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తుంటే రైల్లోనే, వేమూరు దాటాక పోయింది.

నాకు మొదటిసారి నెల తప్పినప్పుడు ఆయన ఆనందం పట్టలేక మిల్లంతా మిఠాయి పంచారు. రెండో నెలలోనే పోయింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళకుండా దొడ్లో కూర్చుని, తుడిచిన సైకిలునే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉండిపోయారు. ఆ మరుసటేడు ఇంకోసారి. అదీ పదో వారంలో పోయింది.

మొదటి వారాల్లో ఇలా పోవడం మామూలేనని, ఆడదాని తప్పేమీ ఉండదని, బరువెత్తినందుకో బొప్పాయి తిన్నందుకో కాదని ఎంతమందికి చెప్పానో. నా దాకా వచ్చేసరికి ఆ మాటలు నాకే పనిచెయ్యలేదు. పైగా పక్కింటి ఆడవాళ్ళు మొదలుపెట్టారు, పోయిన పెద్దభార్య కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోందని, కడుపు నిలవనివ్వడం లేదని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెడలోని బిళ్ళ తీసి ట్రంకుపెట్టె అడుగున పడేశాను. నమ్మకం లేనిదాన్ని తియ్యడం మాత్రం ఎందుకో ఆలోచించలేదు. అత్తగారు చూశారు. ఆ పూట అన్నం తినలేదు.

మూడోసారి నెల తప్పినప్పుడు ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయనకు కూడా. నిలిస్తే నిలిచాక చెబుదాం, ఆయన మళ్ళీ దొడ్లో కూర్చుని సైకిలు తుడవడం మాత్రం నేను చూడలేను అనిపించింది.

దాచడం అంత తేలిక కాదు. మొదట రొమ్ముల సలపరం, తర్వాత నిద్ర. నిలబడి పాప బొడ్డు కోస్తూ కూడా ఆవలించేదాన్ని. ఆరో వారం దాటాక వాసనలు మొదలయ్యాయి. అన్నం ఉడికే వాసన, పోపు వాసన పడవు. అన్నిటికన్నా ఆయన చొక్కా. తవుడూ ఉప్పుడు బియ్యం వాసనతో సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే నేను దొడ్లోకి పరుగెత్తేదాన్ని. పైత్యం అని చెప్పాను. పాపం అత్తగారు నమ్మి ధనియాల కషాయం పెట్టి ఇచ్చేవారు. అదీ కడుపులో నిలిచేది కాదు.

మూడో నెల వచ్చేసరికి మంచినీళ్ళు తాగినా కక్కుతున్నాను. ఇంకో మనిషికైతే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. చెంచాడు చెంచాడు చొప్పున తాగాలి, ఎండుపేలాలు నమలాలి, ఒంటేలు తగ్గి ఎర్రబడితే ఆసుపత్రికి రావాలి. ఆ మాటలే చెబుతూ వార్డంతా తిరిగాను, నా ఒంట్లో ఏం జరుగుతోందో పట్టించుకోలేదు. పొగరు అనండి, భయం అనండి. ఆసుపత్రిలో ఎవరికి చెప్పినా అందరికీ తెలిసిపోతుందని భయం.

ఒక శుక్రవారం పొద్దున లేవలేకపోయాను. అత్తగారు రెండ్రోజుల ముందే అమృతలూరులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. ఆయన తెల్లారే మిల్లుకు వెళ్ళిపోయారు. వీధి తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను. కాస్త ఎండెక్కాక దాహమేసి వంటింట్లోకి వెళ్ళడం గుర్తుంది. చీరకు రెండు ఎర్ర చుక్కలు కనబడటం గుర్తుంది. తర్వాత ఏమీ గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి మా అమ్మ ఒళ్ళో ఉన్నాను. బాపట్లలో ఉండాల్సిన అమ్మ చెంచాతో నా నోట్లో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తోంది.

అమ్మ వీధిలో వెళ్ళేవాళ్ళను కేకేసి మిల్లుకు కబురు పంపింది. మిల్లు కారులోనే నన్ను తెనాలి తీసుకెళ్ళారు. మూడు రోజులు సెలైను ఎక్కించారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే తల్లీ దక్కేది కాదు, బిడ్డా దక్కేది కాదు, నువ్వేం మిడ్‌వైఫువమ్మా అని డాక్టరమ్మ అందరి ముందూ దులిపేసింది. తలొంచుకుని పడ్డాను. కడుపు మాత్రం నిలిచింది.

రెండో రోజు కాస్త తేరుకున్నాక అమ్మ నా తల దువ్వుతూ అడిగింది, నాకు కబురు తెచ్చిన ఆ పిల్ల ఎవరే, మీ పక్కింటమ్మాయా అని. ఏ పిల్ల అన్నాను. నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ పంపలేదు అన్నాను. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

అమ్మ చెప్పింది ఇది. గురువారం పొద్దున ఎనిమిదింటప్పుడు ఒక పాతికేళ్ళ పిల్ల మా బాపట్ల ఇంటి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. చామనచాయ, సన్నటి మనిషి, జడలో దవనం, ఎడమ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. లోపలికి రమ్మంటే రాలేదు. నిలబడే చెప్పింది.

"అమ్మా, మీ అమ్మాయికి మూడో నెలండి. ఎవరికీ చెప్పుకోదు. ఇవాళే చలిమిడి చేసుకుని రేపు మొదటి బండికే వెళ్ళండి. రెండు ముద్దలు చెయ్యండి. వీధి తలుపు తియ్యకపోతే దొడ్డివైపు వెళ్ళండి. గడియ పక్క పలకకి కింద మేకు ఉండదు. జరిపితే చెయ్యి పడుతుంది."

ఎవరమ్మా నువ్వు అని అమ్మ అడిగితే, మీ అమ్మాయి ఉండే ఇంటిదాన్నేనండి అందట. అత్తవారి వైపు చుట్టం కాబోలనుకుంది అమ్మ.

కూతురికి మూడో నెలలో తల్లి తీసుకెళ్ళేదాన్ని దొంగ చలిమిడి అంటారు మా వైపు. కడుపు చల్లగా నిలవాలని ఎవరికీ తెలియకుండా తెచ్చి ఒళ్ళో పెడతారు. తర్వాత నెలల్లో పదిమందిని పిలిచి పెట్టే చలిమిడి వేరు. దొంగ చలిమిడి అంటే ఎవరైనా కబురు తెస్తే ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. అమ్మ కూడా వెయ్యలేదు. బియ్యం నానబోసి, దంచి, బెల్లం పాకం పట్టి, కొబ్బరిముక్కలు వేయించి కలిపి, తెల్లారి బండెక్కింది. తెనాలిలో దిగి రేపల్లె బండి మారి, ఇంటికొచ్చి తలుపు కొడితే పలుకు లేదు. ఆ పిల్ల మాట గుర్తొచ్చి దొడ్డివైపు వెళ్ళింది. పలక జరిగింది. చెయ్యి పెట్టి గడియ తీసింది.

మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఆ పలక కదులుతుందని నాకు తెలియదు.

ఆయన స్టూలు మీద నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అటు తిరిగే చెప్పారు.

"ఆ మేకు ఊడదీసింది సీత. మధ్యాహ్నం అమ్మ గడియ పెట్టుకుని నిద్రపోతే లేపడం ఇష్టంలేక అలా తీసుకుని లోపలికి వచ్చేది. నాకు తప్ప ఎవరికీ తెలీదు. నేనెవరికీ చెప్పలేదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె పేరు ఆయన నోట వినడం నాకదే మొదలు.

ఇంటికొచ్చాక ముందు వెళ్ళి ఆ పలక చూశాను. అమ్మ చెప్పినట్టే ఉంది. ఆ తర్వాత నాకు తోచిన ఆరాలన్నీ తీశాను. నా వాంతులు వార్డులో ఎవరైనా చూసి బాపట్ల వెళ్ళారా అంటే, ఆయాతో సహా అందరూ ఒట్టు పెట్టుకున్నారు. తేలు పచ్చబొట్టు ఆ రోజుల్లో సగం మంది ఆడవాళ్ళకు ఉండేది, దాన్ని నేను సాక్ష్యం కింద లెక్కెయ్యను. చామనచాయా అంతే. అమ్మే కల్పించిందా అంటే, మా అమ్మ అబద్ధం చెబితే మర్నాటికి తనకే గుర్తుండదు, నాలుగో రోజుకు దొరికిపోతుంది. చచ్చేదాకా ఈ మాట మాత్రం మార్చలేదు. మిగిలిందల్లా ఆ మేకు.

అత్తగారు అమృతలూరు నుంచి పరుగున వచ్చేశారు. సంగతంతా విని గోడకు చేరగిలబడి కూర్చున్నారు. రెండో ముద్ద ఎందుకో అర్థం కావడం లేదని అమ్మ అంది.

"దానికే వదినగారూ," అన్నారు అత్తగారు. "తల్లి లేదు కదా, ఆ పిల్లకి చలిమిడి తెచ్చేవాళ్ళెవరు? నేనైనా అడగలేదు. అడిగుంటే చెప్పేదేమో."

అని ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూడటం అదొక్కసారే. కాసేపటికి లేచి పెట్టెలోంచి సీతారత్నం కట్టిన పాత నేత చీర తీసుకొచ్చారు. అన్నాళ్ళూ ఆవిడ దాచింది. పీట మీద ఆ చీర పరిచి, బొట్టు పెట్టి, రెండో ముద్దను అమ్మ చేతికిచ్చారు. బతికున్న కూతురి ఒళ్ళో పెట్టినట్టే అమ్మ దాన్ని చీర కొంగులో పెట్టి ముడివేసింది. మొదటిది నా ఒళ్ళో పెట్టింది. పాకం చలిమిడి కదా, నాలుగు రోజులైనా చెడలేదు.

నేను ట్రంకుపెట్టె తీసి అడుగున వెతికి బిళ్ళ పైకి తీశాను. దానికి పసుపు రాసి మెడలో వేసుకున్నాను. సిగ్గుతో నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏ మనిషి మీద అక్కసుతో దాన్ని విసిరేశానో, నేను నేల మీద పడి ఉంటానని తెలిసింది ఆమె ఒక్కదానికే. సాయంత్రం ఆ కొంగు ముడి విప్పి, ఆ ముద్దను అందరం తలా కాస్త తిన్నాం. ఆయన కూడా తిన్నారు.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. రత్నం అని పెట్టాం. పేరు అత్తగారు కాదు, నేనే పెట్టాను. డెబ్బైల మొదట్లో కొడుకు కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఎవరూ చెప్పకుండానే రెండు ముద్దలు తెచ్చింది. రత్నానికి మూడో నెల వచ్చినప్పుడు నేనూ రెండే చేశాను.

దొడ్డి తలుపు ఎన్నిసార్లు బాగుచేయించినా ఆ పలకకు మేకు కొట్టనివ్వలేదు ఆయన.

ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. కానీ ఆ గురువారం బాపట్లలో మా గుమ్మం ముందు నిలబడింది ఎవరంటే చెప్పలేను. అమ్మను నేను చాలాసార్లు అడిగాను, ఆ పిల్ల వెళ్ళేటప్పుడు ఎటు వెళ్ళింది, స్టేషను వైపా, బజారు వైపా అని. అమ్మ చివరిదాకా ఒకటే చెప్పేది.

"చూళ్ళేదే. బియ్యం నానబొయ్యాలన్న తొందర్లో లోపలికెళ్ళిపోయాను. అంత దూరం నుంచి వచ్చింది, తల్లి లేని పిల్ల. కూర్చోబెట్టి కాస్త అన్నం పెట్టాల్సింది."