అంచు మీద పేరు

నిజామాబాద్‌లో సైనిక చరిత్ర సంఘం పెడుతున్నామంటే అందరికన్నా ముందు నవ్వింది మా ఇంటామె. పసుపు బస్తాలు, చెరుకు లారీలు తప్ప ఈ జిల్లా ఏ యుద్ధం చూసిందని అడిగింది. తొంభైల మొదట్లో మాట ఇది. ఆమెను అని లాభం లేదు. అప్పటికి సంఘమంటే కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్ మీది గది, నాలుగు కుర్చీలు, ఇద్దరు మనుషులం. ఫౌజు నుంచి రిటైరై వచ్చిన సుబేదార్ సాబ్ అధ్యక్షుడు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నేను కార్యదర్శిని.

ఆదివారం ఆయన చర్చి ముగించుకుని రాగానే నా స్కూటర్ మీద ఊళ్లకు బయల్దేరేవాళ్లం. ఫౌజుకు పోయినవాళ్ల ఇళ్లు వెతకడం, పెట్టెల అడుగున పడి ఉన్న ఫొటోలు, బెల్టులు, మెడల్స్ చూడడం, ఇంటివాళ్లు చెప్పింది రాసుకోవడం మా పని. ఎవరు ఏ కొండ మీద పోరాడారో అని నేను ఉబలాటపడితే, వాళ్లు మాత్రం అతను సెలవు మీద వచ్చినప్పుడు ఏ కూర వండమనేవాడో చెప్పేవారు. మొదట్లో విసుక్కునేవాణ్ని. పోనుపోను నేనే ముందుగా కూర సంగతి అడగడం మొదలుపెట్టాను.

సుబేదార్ సాబ్ ఒక నియమం పెట్టారు. మన సర్కారు ఇచ్చే మెడల్ అంచు మీద సిపాయి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ పేరు ఇంటివాళ్లు చెప్పిన పేరుతో కలిస్తేనే ప్రదర్శనకు పెట్టాలి. అంతకుముందు ఒకాయన అంగట్లో కొన్న మెడల్‌ను తన తండ్రిదని చూపిస్తే, మేం నమ్మి నలుగురికీ చెప్పి పరువు పోగొట్టుకున్నాం మరి.

మా మొదటి ప్రదర్శన బోధన్‌లో ఒక బడి హాల్లో పెట్టాం. చెరుకు లారీలు అప్పుడే మొదలయ్యాయి, కిటికీలు మూసినా చక్కెర ఫ్యాక్టరీ పాకం వాసన ఆగలేదు. నవీపేట్ దిక్కు నుంచి ఒక అవ్వ బస్సెక్కి వచ్చింది. డెబ్బయి ఒకటి యుద్ధంలో పోయిన కొడుకు మెడల్‌ను కొంగున ముడేసుకుని తెచ్చింది. అంత మెరిసే మెడల్ నేను అదివరకు చూడలేదు. సుబేదార్ సాబ్ అంచు తిప్పి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. అంచు నున్నగా ఉంది, ఒక్క అక్షరం లేదు.

పేరు లేనిది బల్ల మీద పెట్టడం కుదరదని ఆయన మెల్లగా చెప్పారు. అవ్వ గొడవపడలేదు. తన కొడుకు పేరు నలుగురూ చదువుతుంటే చూసి పోదామని వచ్చానంది, అంతే. ఆ నియమం మీద కోపమొచ్చింది, ఆయన మీదా వచ్చింది.

ఆయన మాత్రం మెడల్ చేతిలోంచి వదల్లేదు. దీన్ని ఎట్లా తోముతావని అడిగారు. దసరాకు ఇంట్లో కొడవలి, గొడ్డలి, నాగలి కర్రు కడిగి బొట్టు పెట్టేటప్పుడు వాటితోపాటే దీన్నీ తోముతానంది. చింతపండు, ఇటుకపొడి. ఏటా తనే తోముతుందట, కోడళ్ల చేతికి కూడా ఇవ్వదట.

"సెలవు మీదొస్తే వాడు బెల్టు బిళ్ల గిట్లనే తోముకునేటోడు. ఇప్పుడు వాడు లేడు గద బిడ్డా, నేను తోముతున్న."

సుబేదార్ సాబ్ ఆ నున్నటి అంచు మీద బొటనవేలు రాసి చూశారు. నా వైపు తిరిగి, తన మెడల్స్ మీద పేరు ఇంకా కొత్తదాని లెక్కనే ఉందని, వాటిని ఎవరూ ముట్టుకోకపోవడమే కారణమని అన్నారు. తర్వాత అట్టముక్క ఒకటి తీసుకుని, అవ్వను అడిగి ఆమె కొడుకు పేరు పెద్ద అక్షరాలతో తనే రాశారు. బల్ల నడుమ మెడల్ పెట్టి, పక్కనే ఆ అట్ట నిలబెట్టారు.

అవ్వకు చదువు రాదు. పేరు ఎక్కడ మొదలైతదని నన్ను అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద మొదటి నుంచి చివరిదాకా నడిపించాను. బడిపిల్లలు వచ్చి ఆ పేరు బయటికి చదివినప్పుడల్లా ఆమె తలూపుతూ నిలబడింది.

సాయంత్రం మెడల్ తిరిగి కొంగున ముడేసుకుంటుంటే ఆమెకు సంగతి తట్టినట్టుంది. ముడి సగంలో ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"అయితే వాని పేరు నేనే చెరిపిననా బిడ్డా? ఇగ తోముడు బందు వెట్టాల్నా?"

ఆయన లేచి నిలబడి, ఆ ముడి తనే బిగించారు.

"బందు వెట్టకు అవ్వా. నువ్వు తోము. పేరు మేం కాపాడుతం."