ఫ్లెక్స్‌లో ఖాళీ చోటు

నా పెళ్లిచూపులకు పెళ్లికొడుకు కంటే ముందు పార్టీ నాయకులు వచ్చారు. నందిగామలో మా నాన్న, చిల్లకల్లు అవతలి ఊళ్లో మా మావయ్యగారు, పార్టీలో ఒకే పదవి కోసం ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకున్నవాళ్లు. చివరికి పైవాళ్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేశారు. పదవి మావయ్యగారికి, వాళ్లబ్బాయి మాకు. దాచడం దేనికి, ఆ రాజీ నేనే. పెళ్లి పందిట్లో రెండు వర్గాలూ చెరో పక్క కూర్చుని, అక్షింతలు వేయడానికి ముందు ఎవరి నాయకుడు లేస్తాడా అని చూశాయి. మా ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

మొదటి కాన్పు ఆడపిల్ల. లక్ష్మి పుట్టిందన్నారు. రెండోసారి నాకు నొప్పులు మొదలయ్యాయని తెలియగానే మావయ్యగారి అనుచరులు ఆగలేక చిల్లకల్లు సెంటర్లో ఫ్లెక్స్ కట్టేశారు. పైన మావయ్యగారు దండం పెడుతూ, కింద "మా వారసుడికి స్వాగతం" అని అక్షరాలు, మధ్యలో బాబు ఫోటో అతికించడానికి గుండ్రంగా ఖాళీ చోటు. పుట్టింది రెండో పాప. నాకు రక్తం ఎక్కించి బతికించారు. సాయంత్రానికి ఫ్లెక్స్ దిగింది. మూడో నెలలో పాపను ఎత్తుకుని పుట్టింటి నుంచి వచ్చేసరికి, ఆ ఫ్లెక్స్ ఇంటి వెనక కల్లంలో మిరపకాయల మీద కప్పి ఉంది. చూసి ఏడ్చాను. ఆ తర్వాత బాగా కోపం వచ్చింది.

కొన్నాళ్లకు ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. మావయ్యగారు నా చేత నామినేషన్ వేయించారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని అప్పట్లో చట్టం. అందుకని అత్తయ్యగారు మూడో కాన్పు మాట ఎత్తలేకపోయారు. గెలిచాను. కుర్చీలో నేనే కూర్చున్నాను, మా ఆయన్ని కూర్చోనివ్వలేదు. చివరి వీధికి కుళాయి నీళ్లు నా హయాంలోనే వచ్చాయి. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి.

ఆ చట్టం ఎత్తేశారని టీవీలో వార్త పూర్తి కాకముందే అత్తయ్యగారు నా పక్కకు జరిగారు.

"ఇంక అడ్డేముందమ్మాయ్? వయసుంది. ఒక్క మగపిల్లాడు చాలు."

మర్నాడు వరండాలో పదిమంది అనుచరుల ముందు మావయ్యగారు అడిగారు. "నా తర్వాత ఈ జెండా ఎవరు పట్టుకోవాలమ్మా?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. నేను లోపలికి వెళ్లలేదు.

"మూడో కాన్పుకి నేను ఒప్పుకోనండి మావయ్యగారూ. జెండా పట్టుకోడానికి ఇద్దరున్నారుగా, లోపల హోంవర్క్ చేసుకుంటున్నారు."

వెళ్లి, కొట్టంలో మిరప బస్తాల కింద పడున్న ఆ పాత ఫ్లెక్స్ లాక్కొచ్చి అందరి ముందూ పరిచాను. ఘాటుకి ఇద్దరు తుమ్మారు. ఆ సందడికి పిల్లలు బయటికి వచ్చారు. చిన్నది ఖాళీ గుండ్రం మీద వేలు పెట్టింది.

"తాతయ్యా, ఈ సున్నాలో ఎవరూ లేరేంటి?"

మావయ్యగారు దాన్ని దగ్గరికి తీసుకున్నారు.

"నువ్వేనమ్మా. అప్పుడు నీ ఫోటో దొరకలేదు."

"ఇప్పుడుందిగా. పెట్టించు."

"పెట్టిస్తాలేమ్మా."

ఆయన ఊరికిచ్చిన హామీలు ఎన్నో విన్నాను, నేనూ కొన్ని ఇచ్చాను. ఇది మాత్రం వారం తిరక్కుండా తీరింది. అదే సెంటర్లో కొత్త ఫ్లెక్స్ లేచింది. మావయ్యగారి పక్కన మా పిల్లలిద్దరూ, కింద "మా వారసులు" అని. చిన్నదానికి ముందు పళ్లు రెండూ లేవు, అయినా నోరంతా తెరిచి నవ్వుతోంది. నాకు గర్వంతో కళ్లు నిండాయి.

జగ్గయ్యపేట వెళ్తూ అత్తయ్యగారు అక్కడ కారాపించారు. దిగి, కొంగు తలమీదికి లాక్కుని, ఎండలో నిలబడి చూశారు.

"పెద్దదానికి జడ సరిగ్గా వెయ్యలేదు నువ్వు" అన్నారు నాతో. మూడో కాన్పు మాట మళ్లీ ఎత్తలేదు.