నాలుగొందల యాభై వాట్ల ఆయ్

ఆ రోజుల్లో వాట్లంటే మాకు బల్బు వాట్లే. నలభైది వంటింటికి, అరవైది వసారాకి, వందది పెళ్లివారింటికి. వాట్లు పెరిగితే మీటరు గిర్రున తిరుగుతుంది. మూడో తరగతితో బడి మానేసిన నాకు కరెంటు గురించి ఇంతే తెలుసు. ఇది చాలనే అనుకునేదాన్ని, మూడేళ్ల కిందట మా మనవరాలు ఆటల కంప్యూటరు కట్టుకుంటానని (కొనుక్కోరట, విడిసామాను తెచ్చి కట్టుకుంటారట) మొదలెట్టేవరకూ. అన్నీ పోగేసుకున్నాక పవర్ సప్లై ఒక్కటి మిగిలింది. గోడలోంచి కరెంటు తీసుకుని లోపలి సామానుకి పంచిపెట్టే పెట్టె అది. అది నేను కొనిపెడతానన్నాను.

అమలాపురంలో కంప్యూటర్ల కొట్టుకి వెళ్లేం. పిల్ల ఆరొందల యాభై వాట్లది కావాలంది. ఇస్త్రీపెట్టె ఆపకుండా వదిలేసినట్టే కదా! దాన్ని కళ్లతోనే నోరుమూయించి, కొట్టాయన్ని అడిగేను.

"ఏమండీ, చిన్నపిల్ల ఆడుకునేదానికి నాలుగొందల యాభై చాలదూ?"

ఆయన వినయంగా తల వంచి "ఆయ్" అన్నారు.

ఇంకేం, తెచ్చేసేం. పిల్ల దారంతా ఆటోలో గొణుగుతూనే ఉంది. తెలిసినాయన ఆయ్ అన్నాక నీ గొడవేమిటే అని గదిమేను.

దాని కాలేజీలో దానితో కలిపి అయిదుగురు ఆడపిల్లలు జట్టుగా పోటీకి దిగేరు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడే యుద్ధం. మొదటి రోజు యుద్ధం ముదిరేసరికి మా కంప్యూటరు టప్పున ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరింది. రేపు నాలుగింటికి ఇంకోసారి ఇలాగైతే నీ బదులు వేరే పిల్లని పెట్టుకుంటామని జట్టు పెద్ద ఫోన్లో చెప్పేసింది. మనవరాలు నన్ను ఒక్క మాట అని ఉంటే నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని. అనలేదు. వైర్లు చుట్టుకుంటూ కూర్చుంది. అదే నాకు గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే పవర్ సప్లై పెట్టె చంకలో పెట్టుకుని, పిల్లని వెంటేసుకుని, కొట్టు తలుపులు తియ్యకముందే అక్కడ నిలబడ్డాను. చాలుతుందని మీరే అన్నారు కదండీ అని నిలదీసేను. అనలేదండి అన్నారాయన.

"ఆయ్ అన్నారుగా!"

"ఆయ్, అన్నానండి. తమరు చెప్తున్నారు, నేను వింటున్నానని అన్నానండి. పెద్దవారిని కాదని ఎలా అంటామండి?"

ఆపైన నెమ్మదిగా చెప్పేరు. ఈ పెట్టె మీది వాట్లంటే అది తినేసేది కాదట, అవసరమొస్తే పెట్టగలిగేదట. "గిన్నె పెద్దదైతే అన్నం ఎక్కువ వండేస్తామా అమ్మగారూ? కాని పదిమంది వచ్చినప్పుడు ముగ్గురికి సరిపోయే తవ్వెడు గిన్నె పెడితే చాలదు కదండి."

తవ్వ మాట వినేసరికి నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. కాపరానికొచ్చిన కొత్తలో కొబ్బరికాయలు దింపే రోజున ఆరుగురు మనుషులు భోజనానికొస్తే, మా అత్తగారు (ఆవిడ పొదుపు ముందు నాదెంత!) "తవ్వ బియ్యం చాలు కదే?" అన్నారు. చాలవని నాకు తెలుసు. తెలిసీ "ఆయ్" అన్నాను. అందరూ తిన్నాక గంజి తాగి పడుకున్నాను. చాలుతాయని ఆయ్ అన్నానా? విన్నానని అన్నాను. ఆవిడ మాత్రం నేను ఒప్పుకున్నాననే అనుకున్నారు.

కొట్టాయన పెట్టె మార్చి ఆరొందల యాభైది ఇచ్చేరు. నాలుగింటికి పిల్ల ఆటకి కూర్చుంటే, నేను పక్కన మీటరుకేసి చూడకుండా (ఒక్కసారి చూసేననుకోండి) కూర్చున్నాను. జట్టు ఓడిపోయింది గాని, కంప్యూటరు ఆరలేదు. పిల్ల చోటు పిల్లకి ఉండిపోయింది.

రాత్రి దానికి అన్నం పెట్టి, "చాలా?" అని అడిగేను.

"ఆయ్" అంది, కంచంలోకి చూస్తూ.

"ఏ ఆయ్ అది?" అన్నాను, గరిటె పట్టుకునే.

అది నవ్వి, ఇంకో ముద్ద పెట్టమని కంచం జరిపింది. ఆనాడు మా అత్తగారు కూడా ఆ మాట అడిగుంటే బాగుండునని అనిపించి, ఇంత వయసొచ్చి కూడా, నాకు కొంచెం ఆకలేసింది.