రైలు మేలని బట్టీపట్టి వెళ్లిన రంగనాథ్

“మధ్యల మర్చిపోతే అందరూ నవ్వుతరేమో అక్కా!”

నేను పోటీకి తీసుకెళ్తుంటే, కారెక్కుతూనే రంగనాథ్ అన్న మాట ఇది. సూర్యాపేట అబ్బాయి. కెనడా కేంబ్రిడ్జ్‌లో మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, వారానికి మూడు రోజులు వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేస్తూ చదువుకుంటున్నాడు. బడిలో వక్తృత్వ పోటీల్లో తను గెలిచిన స్టీలు గిన్నెల్లోనే వాళ్లమ్మ ఇప్పటికీ వండుతుందని గర్వంగా చెబుతుంటాడు.

ఈ ఏడాది కాలేజీలో క్లాసులకు కుర్చీలు చాలనంతమంది చేరారు. డిబేట్ టీమ్‌లో మాత్రం ఖాళీ ఒక్కటే. ఎంపికను 1890ల నాటి విద్యార్థి సభల పద్ధతిలో పెట్టారు. కాగితం చూడకూడదు. శ్రోతలు నచ్చితే నేలను కాళ్లతో తన్నవచ్చు, లేదంటే కేకలు వేయవచ్చు. అంశమూ ఆనాటిదే: రైలు వల్ల ఊళ్లకు మేలా, కీడా?

“వచ్చి ఏడాదైంది. పనిల ‘ఓకే’, ‘సారీ’ తప్ప ఏం మాట్లాడిన? ఆ సీటు నాకు గావాలె అక్కా” అన్నాడు.

పది రోజులు ‘మేలు’ వైపు బట్టీపట్టాడు. కింద అతను చదువుతుంటే పైన నాకూ వచ్చేసింది.

హాల్లో టోపీలోంచి చీటీ తీయమన్నారు. ఎవరు ఏ వైపో అప్పటికప్పుడు తేల్చడం ఆనాటి నియమమట. మన పోటీల్లో వైపు ముందే రాసిస్తాం కదా, మాకిద్దరికీ ఆ ఊహే రాలేదు. చీటీలో ‘కీడు’ అని ఉంది!

ఇక్కడి ఓక్‌విల్‌లోనే పెరిగిన అనన్య రైలు తరఫున గలగలా మాట్లాడి కూర్చుంది. రంగనాథ్ లేచాడు. చీటీని మళ్లీ విప్పి చూసుకున్నాడు.

“ట్రైన్ లేటా బ్రదర్?” వెనక నుంచి కేక. హాలంతా నవ్వు. అతనూ నవ్వేశాడు.

“లేటే! నిన్నటిదాకా నేను అవతలి ప్లాట్‌ఫామ్ మీదున్నా. అనన్య మరిచిపోయిన మంచి మాటలు మూడున్నాయి. అవి కూడా నేనే చెప్పి, నేనే ఓడిస్తా!”

ఇక ఆగలేదు. గోధుమలు పట్నం చేరాయన్నాడు. ఉన్నది ఒకే రైలు కంపెనీ అయితే వాళ్లు కిరాయి ఎంతంటే అంతేగా, రైతు కాదనగలడా అని తనే తిప్పికొట్టాడు. డాక్టరు రైల్లో వచ్చాడన్నాడు. కానీ ఊరి కుర్రాళ్లు అదే రైల్లో ఊరొదిలి వెళ్లిపోయారన్నాడు. మూడోదానికి వచ్చేసరికి కాళ్ల చప్పుడుకు నా కుర్చీ అదిరింది. నేనూ తన్నాను!

సీటు అతనికే వచ్చింది.

“రైలు గురించి నాకన్నా నువ్వే బాగా చెప్పావ్, దొంగా!” అంది అనన్య.

తిరుగుదారిలో ఆ ఉత్సాహంలోనే నా గోడు చెప్పుకున్నాను. మా నాలుగేళ్ల అమ్ములు డేకేర్‌కు వెళ్లనని రోజూ ఏడుస్తోంది. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, డేకేర్ ఎందుకు మంచిదో దానికి ఒక్కొక్క కారణమే వివరిస్తున్నాను. ఏడుపు పెరుగుతోంది. పిల్లలో ఏదైనా లోపమేమోనని నాకు నిద్ర లేదు.

“మీరు డేకేర్ మంచిదని బట్టీపట్టిండ్రు అక్కా” అన్నాడు రంగనాథ్. “ముందు అమ్ములు దిక్కు నిలబడి మాట్లాడండి. అది చెప్పలేనివి కూడా మీరే చెప్పండి. జవాబు తర్వాత.”

ఇప్పుడు రోజూ పొద్దున బూట్లు తొడిగేముందు, అమ్ములు పక్కన నేలమీద కూర్చుని, డేకేర్‌కు ఎందుకు వెళ్లకూడదో మొదట నేనే చెబుతున్నాను.