కాలవ పాలైన చీర అంచులు

భావనారాయణకి కాగితం పారేయడం చేతకాదు. చీరాల నేతగాళ్ల వీధిలో ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు. వయసులో ఉన్నన్నాళ్లూ మగ్గం నేశాడు, మోకాళ్లు మొరాయించాక మగ్గం గుంటలోకి దిగడం మానేశాడు. పాత కరెంటు బిల్లులు, శుభలేఖలు, సినిమా కరపత్రాలు కూడబెట్టడం మాత్రం మానలేదు. ఆ చెత్తంతటిలో అసలు సొత్తు ఒక్కటే: వాళ్ల నాన్న చేత్తో గీసిన గ్రాఫ్ కాగితాలు. గడి గడికీ రంగు నింపిన చీర అంచులు, మామిడి పిందెలు, హంసలు. ఎదురింటి ప్రభు తన మగ్గం మీద నేస్తాను, ఒక్క అంచు ఇవ్వమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. “చూద్దాంలేరా” అని దాటేస్తాడు ఈయన. చేయి దాటితే నాన్న గుర్తు పోతుందని భయం.

ఈ వేసవిలో ఇంటికి రంగులు వేయించాలని పట్టుబట్టింది భార్య మల్లేశ్వరి.

“రేపటికి అటక ఖాళీ అవ్వాలండీ. లేదంటే పాత పేపర్లవాణ్ణి నేనే పిలుస్తా!”

మన మహానుభావుడికి ఉపాయం తట్టింది. దేవుడి బొమ్మని మల్లేశ్వరి చచ్చినా చెత్తలో వేయదు. అందుకని పాత క్యాలెండర్లు చింపి, ప్రతి కట్ట మీదా ఓ వేంకటేశ్వరస్వామినో, లక్ష్మీదేవినో పెట్టి పురికొసతో బిగించాడు. ఇక ముట్టుకోమను చూద్దాం అనుకుంటూ టీ తాగడానికి సెంటరుకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి అటక బోసిగా ఉంది.

“కట్టలేవే?”

“దేవుడి బొమ్మలు చెత్తలో వేస్తామా ఏంటి? ఆటోలో తీసుకెళ్లి, పసుపు కుంకాలు చల్లి, కాలవలో కలిపొచ్చా.”

పాతబడిన దేవుడి పటాలు నీళ్లలో కలపడం ఆ ఊళ్లో ఎవరైనా చేసే పనే. అంత తెలివిగలవాడికి అదొక్కటీ గుర్తు రాలేదు.

“అందులో నాన్న గ్రాఫులున్నాయే!”

మల్లేశ్వరి మొహం పాలిపోయింది. కేక విని ప్రభు బండి తీశాడు. అదృష్టం బాగుండి కాలవలో నీళ్లు మోకాలి లోతే. కట్టలు తూటికాడల్లో చిక్కుకుని ఉన్నాయి. నొప్పి మాటే మరిచి భావనారాయణ నీళ్లలోకి దిగాడు.

తడి కాగితాలు కట్టగా ఉంచితే అతుక్కుపోతాయి. వీధిలో పడుగు సాగదీసే చోట తాళ్లు కట్టి, ఒక్కొక్కటే విడదీసి ఆరేశారు. అక్కడక్కడా రంగు కారినా గీతలు నిలిచాయి. ఇన్నేళ్లూ దాచిన సొత్తంతా నడివీధిలో రెపరెపలాడుతుంటే పేట పేటంతా మూగింది.

“ఇది మా అమ్మ పెళ్లిచీర అంచండీ!” అంది పక్కింటి బిందుమాధవి.

“ఒరేయ్, ఈ హంస మెడ దగ్గర పోగు తప్పానని మీ నాన్న నా చెవి మెలేశాడ్రా!” అని పకపకా నవ్వాడు ముసలి యలమందయ్య.

భావనారాయణకి కళ్లు చెమర్చాయి. నాన్న పోయాక ఆయన గురించి ఇన్ని మాటలు ఎప్పుడూ వినలేదు. అటక మీద భద్రంగా దాచినన్నాళ్లూ ఆయన్ని తలుచుకున్నవాళ్లే లేరు. అది తట్టగానే సిగ్గేసింది.

ఆరిన మామిడి పిందెల కాగితం తీసి ప్రభు చేతిలో పెట్టాడు.

“నేశాక తిరిగి తెచ్చిస్తా బాబాయ్,” అన్నాడు ప్రభు, నమ్మలేక.

“కాగితం నువ్వే ఉంచుకోరా. మొదటి చీర మీ పిన్నికియ్యి. ఆవిడ కట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, నాన్న ఇంట్లో ఉన్నట్టే.”