బొంత కవచం

మా పెద్దక్కను మేం అప్ప అంటాం. శృంగవరపుకోటలో ఉంటుంది. ఆమె కూతురు చాలాకాలంగా కర్రసాము నేర్చుకుంటోంది. కిందటి వేసవిలో సాధన చేస్తుండగా ఎదుటి పిల్ల తిప్పిన కర్ర గురి తప్పి దాని డొక్కలో తగిలింది. ఎముక విరగలేదు గాని, కొన్నాళ్లు నిటారుగా కూర్చోలేకపోయింది. ఇంక ఆ కర్ర ముట్టుకోవద్దని బావ గట్టిగా చెప్పేశాడు. పిల్ల అలిగి అన్నం తినలేదు.

చూడ్డానికి వెళ్లిన నేను, ఎప్పుడో ఒక మ్యూజియంలో తీసిన ఫోటో అప్పకు చూపించాను. పాతకాలపు సైనికుడి అంగీ అది. ఇనుము ముక్క లేదు. గుడ్డ మీద గుడ్డ, మధ్యలో దూది, దగ్గర దగ్గరగా కుట్లు. దాన్ని తొడుక్కునే యుద్ధానికి వెళ్లేవారట. అప్ప ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఎవరు కుట్టారని అడిగింది. అది అక్కడ రాసి లేదన్నాను.

మర్నాడే పాత నేతచీరలూ బావ పంచెలూ తీసి పరిచింది. బొంతలు కుట్టిన చెయ్యే, అయినా మొదటిది కుదర్లేదు. తొడిగితే పిల్ల దిండులా బిగుసుకుపోయింది, చెయ్యి పైకి లేవలేదు. అప్ప విసుక్కోలేదు. కుట్లన్నీ విప్పి, దూది తగ్గించి, గుడ్డ మడతలు పెంచింది. చంకల కింద ఖాళీ వదిలి పక్కలకు తాళ్లు పెట్టింది. సూది గుచ్చుకున్న వేళ్లతో కూర కలుపుకుంటే మంట పుట్టేది.

అంతా అయ్యాక దాన్ని పిల్లకు ఇవ్వలేదు. తనే తొడుక్కుని మైదానానికి వెళ్లి, కర్రసాము నేర్పే మాస్టారి ముందు నిలబడింది. బావా, పిల్లా, నేనూ వెనకే వెళ్లాం.

"కొట్టండి మాస్టారూ. నాకు దెబ్బ తగల్లేదంటేనే పిల్లకి ఏస్తాను."

ఆయన మొహమాటపడి కర్ర ఆనించినట్టు కొట్టాడు.

"అలాగ కాదండి. పిల్లకి తగిలినట్టు కొట్టండి."

ఈసారి కర్ర బలంగా పడింది. పరుపు దులిపినట్టు చప్పుడైంది. అప్ప వెనక్కి తూలింది. బావ పరుగున వెళ్లి పట్టుకున్నాడు.

"తెలిసింది గాని నొప్పి నేదు," అంది అప్ప, ఊపిరి తీసుకుని.

బావ అంగీ ఆమె ఒంటి మీంచి విప్పి, కూతురికి తొడిగి, తాళ్లు తనే ముడేశాడు. మా అప్పను చూసి నేను అంతగా గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడు మిగతా పిల్లల తల్లులు మధ్యాహ్నాలు ఆమె వరండాలో చేరి అలాంటివే కుట్టుకుంటున్నారు. పోయిన నెల వెళ్తే నాకూ ఒక సూది ఇచ్చారు. నేను కుట్టినదాంట్లో సగం అప్ప విప్పించేసింది.